ఏ పయనానికి ఏ కాగితం

 

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డులో అమ్ముకొని చేతిలో నాలుగు పైసలు ఆడే రోజుల్లోనే మన ఆర్మూర్ వైపు పయనాలు మొదలవుతాయి. కొందరు తిరుపతికి, షిర్డీకి పోతారు. కొందరు కాశీకి పోయి, అటు నుంచి అటే నేపాల్‌లో పశుపతినాథుని దర్శనం చేసుకొని వస్తారు. ఇంకా ఎందరో ఆ పైసలతోనే ఏజెంటు అప్పు తీర్చి, లేదా కొత్త అప్పు చేసి, గల్ఫ్ దారి పడతారు. ఆర్మూర్‌లో 44, 63 నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. ఊరికి రైలు కూడా ఉంది. ఇక్కడ నుంచి మనిషి ఎటైనా పోవచ్చు. అయితే ఏ దారికి ఏ కాగితం పట్టుకొని పోవాలో మనల్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. చాలా ఊళ్ళల్లో ఆ మాట చెప్పేది ఏజెంటు ఒక్కడే. తనకు పనికొచ్చేంత వరకే చెబుతాడు. అందుకే ఈ రోజు ఈ విషయం ఎత్తుకున్నాను.

మన ఇళ్ళల్లో ఒక నమ్మకం గట్టిగా పాతుకొని ఉంది. ఆధార్ ఉంటే అన్నీ ఉన్నట్టే అని. ఆధార్ ముఖ్యమైనదే, కాదనను. కానీ అది చెప్పేది ఒక్కటే సంగతి: ఈ వేలిముద్రలు, ఈ కళ్ళు, ఈ పేరు ఈ మనిషివే అని. ఈ మనిషి భారత పౌరుడని అది చెప్పదు. ఆధార్ చట్టమే ఆ మాట స్పష్టంగా రాసింది. పుట్టిన తేదీకి కూడా అది రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే చెబుతోంది. ఓటరు కార్డు పౌరుడికి మాత్రమే వస్తుంది. పాస్‌పోర్టు అయితే మన దేశం పరాయి దేశానికి ఇచ్చే మాట: ఈమె మా మనిషి, ఈమెను రానివ్వండి, కష్టం వస్తే మేమున్నాం అని. వీసా ఆ దేశం మనకిచ్చే అనుమతి. ఇన్ని పనులు ఒక్క కార్డు చేయలేదు. ఇది మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

దగ్గరి పయనం నుంచి మొదలుపెడతాను. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి మన ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా, జీరో టికెట్ మీద తిరుగుతున్నారు. ఆ టికెట్ తెలంగాణ ఆడబిడ్డలకు. కాబట్టి చూపించే గుర్తింపు కార్డు మీద తెలంగాణ చిరునామా కనబడాలి. పాన్ కార్డు అసలైనదే, ప్రభుత్వం ఇచ్చినదే. కానీ దాని మీద చిరునామా ఉండదు, అందుకని అది పనికిరాదు. మన జిల్లాకు రాష్ట్రం అవతలి ధర్మాబాద్, బిలోలి, నాందేడ్ వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. పెళ్ళయి పదేళ్ళయినా ఆధార్ మీద పుట్టింటి చిరునామాయే ఉంటుంది. కండక్టర్ ఆపితే ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు, చిరునామా మార్చుకోండి. మీసేవకు పోతే ఒక పూట పని. కార్డు అసలుది తీసుకెళ్ళండి, జిరాక్స్ వద్దు. చిన్నప్పటి ఫొటో ఉన్న ఆధార్ అయితే ఫొటో కూడా మార్పించుకోండి.

రైలు సంగతి ఇంకా సులువు. రిజర్వేషన్ చేయించుకున్న ఈ-టికెట్‌కు, ఆ టికెట్ మీద పేరున్న వాళ్ళలో ఒక్కరి దగ్గర అసలు గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో అతికించిన జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, ఇవన్నీ నడుస్తాయి. ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లోని ఆధార్, లైసెన్సు కూడా ఒప్పుకుంటారు. మొబైల్‌లో తీసిన ఫొటో మాత్రం డిజిలాకర్ కాదు, ఆ తేడా పిల్లలను అడిగి తెలుసుకోండి. ఎవరి దగ్గరా కార్డు లేకపోతే టికెట్ లేకుండా ఎక్కినట్టే లెక్క కడతారు. 2025 జులై 1 నుంచి ఐఆర్‌సీటీసీలో తత్కాల్ టికెట్ తీయాలంటే ఆ ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. కాబట్టి నెట్ సెంటర్ వాళ్ళ ఖాతా మీద ఆధారపడకుండా ఇంట్లో ఒకరి పేరు మీద ఖాతా తెరిచి పెట్టుకుంటే మేలు.

దేశం లోపల విమానం ఎక్కాలంటే మాత్రం పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరి దగ్గరా ఎవరి కార్డు వాళ్ళకు ఉండాలి. రైల్లో మాదిరిగా ఒకరి కార్డు అందరికీ సరిపోదు. తల్లిదండ్రులతో పోయే చంటిపిల్లలకు అక్కరలేదు. టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకటే కావాలి. శంషాబాద్ విమానాశ్రయం గేటు దగ్గర నిలబడ్డ జవాను చూసేది అదే. ఇంటిపేరు ముందు రాశారా వెనక రాశారా అని ఆయన సర్ది చెప్పుకోడు.

నేపాల్ గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. మన ఊళ్ళ నుంచి కాశీ యాత్ర బస్సులు పశుపతినాథ్ దాకా పోతున్నాయి. నేపాల్‌కు, భూటాన్‌కు మనకు వీసా అవసరం లేదు. అది నిజం. అంతమాత్రాన ఆధార్ చేత్తో పట్టుకొని పోతే సరిపోదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. 65 ఏళ్ళు దాటిన పెద్దలకు, 15 ఏళ్ళు నిండని పిల్లలకు మాత్రమే ఆధార్ ఒప్పుకుంటామని కేంద్ర హోంశాఖ 2019లో చెప్పింది. 15 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలుంటే బడి ప్రధానోపాధ్యాయుడి దగ్గర గుర్తింపు పత్రం తీసుకోవాలి. నలభై యాభై ఏళ్ళ వయసులో ఉండి, ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో పెట్టి, ఆధార్‌తో సునౌలి సరిహద్దు దాకా పోయిన మనిషి అంత దూరం పోయీ దేవుణ్ణి చూడకుండా వెనక్కి రావలసి రావచ్చు. బస్సు మాట్లాడే రోజే అందరి ఓటరు కార్డులు ఒకచోట చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. సముద్రం దాటే పయనం.

నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు వెతికితే దొరకదు. బొంబాయి పోయి, అక్కడ ఏజెంటు ఆఫీసుల్లో నెలల తరబడి పడిగాపులు కాసి, విమానం ఎక్కిన పెద్దలు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఇప్పుడు పాస్‌పోర్టు కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ప్రభుత్వం తీసుకునే రుసుము 1500 రూపాయలు, తత్కాల్ కావాలంటే దాని మీద ఇంకో 2000. ఇంతకు మించి ఎవరన్నా అడిగితే అది ఫారం నింపిన వాడి కూలి, లేదంటే దోపిడీ.

పాస్‌పోర్టుకు పోయే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, దాన్ని చాలామంది తర్వాత చేస్తారు. పదో తరగతి మెమో, ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవాలి. మన పేర్లు తెలుగులో రాస్తే ఒకటే తీరు, ఇంగ్లీషులో రాస్తే పది తీర్లు. లక్ష్మిని ఒకరు ఎక్స్ వేసి రాస్తారు, ఇంకొకరు కే, ఎస్, హెచ్ వేసి రాస్తారు. గంగారాంలో ఒక కార్డు మీద ఒక ఏ ఎక్కువ, ఇంకో కార్డు మీద తక్కువ. ఒక దాని మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకో దాని మీద ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళకు ఆధార్ తీసినప్పుడు జనవరి 1 అని వేసేశారు. ఊళ్ళో ఉన్నంత కాలం ఇవేవీ అడ్డం రావు. విదేశంలో కంప్యూటర్ ముందు నిలబడ్డప్పుడు ఆ ఒక్క అక్షరమే ఇంకో మనిషిని చేస్తుంది. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఏది సరైనదో ముందు ఇంట్లో తేల్చుకొని, ఆ తర్వాతే మార్పుకు పోవాలి. చదువుకున్నవాళ్ళు మెమోను గీటురాయిగా పెట్టుకోండి.

2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు తీయాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు, ఇంకేదీ చెల్లదు. బాలింతలు ఉన్న ఇళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. గ్రామపంచాయతీలో గానీ, మున్సిపాలిటీలో గానీ బిడ్డ పేరుతో సహా నమోదు చేయించండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. ఒకే మాట పేరుతో, ఇంటిపేరు లేకుండా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వమని దుబాయ్ ఉన్న యూఏఈ ప్రభుత్వం 2022 నవంబరులో నిబంధన పెట్టింది. ఇంకో సంగతి, పదేళ్ళ గడువు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉంటేనే లోపలికి రానిస్తాయి. గడువు తీరడానికి ఏడాది ముందే కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. పదో తరగతి పాస్ కాని వాళ్ళలో చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వలస అనుమతి తప్పనిసరి అని దాని అర్థం. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్, మలేషియాతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ అనుమతి తీసుకోవాలి. మన ఊళ్ళల్లో ఈ మూడక్షరాలను ఒక మచ్చలాగా చూస్తారు. చదువు రాని వాడని ముద్ర వేశారని బాధపడతారు. ఏజెంటు కూడా అదే మంట ఎగదోస్తాడు. "ఈసీఆర్ ఉంటే ఆలస్యమైతది, నేను వేరే దారిలో పంపిస్త" అంటాడు.

అక్కడే మన పిల్లలు దెబ్బతింటున్నారు. 1983 నాటి వలస చట్టం ఆ అనుమతి పెట్టిందే చదువు తక్కువ ఉన్న కూలీని కాపాడడానికి. అనుమతి దొరకాలంటే యజమాని ఎవరో, జీతం ఎంతో, ఎన్ని గంటల పనో ఒప్పందం మీద రాసి ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి. లైసెన్సు ఉన్న ఏజెంటే పంపాలి. ఆ ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, పన్ను వేరే కట్టి బీమా తీసుకోవాలి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షల రూపాయలు వస్తాయి. ముప్పై ఏళ్ళు నిండని ఆడబిడ్డను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఈ దేశాలకు పనికి పంపడానికి వీల్లేదు. ఇంటి పనికి అని తీసుకుపోయి ఆడపిల్లల బతుకులు పాడు చేసిన వాళ్ళను చూసి పెట్టిన కట్టు అది.

ఏజెంటు చెప్పే వేరే దారి అంటే విజిట్ వీసా. చూడటానికి పోయేవాళ్ళకు వలస అనుమతి అక్కరలేదు. కాబట్టి కూలీని చుట్టంలాగా పంపుతాడు. అక్కడ దిగినాక వీసా మార్పిస్తామంటాడు. మారితే అదృష్టం. మారకపోతే ఆ మనిషికి ఒప్పందం లేదు, బీమా లేదు, పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. వీసా గడువు తీరగానే ఖల్లివెల్లి అయిపోతాడు. ఆ మాట ఏంటో మన ఊళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోలీసుకు కనబడకుండా, జబ్బు చేస్తే ఆసుపత్రికి పోకుండా, తల్లి చచ్చిపోయినా రాలేకుండా అక్కడ దాక్కొని బతికే మనిషి. ఆజాద్ వీసా పేరుతో అమ్మేది కూడా ఇంచుమించు ఇంతే. ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని పేరు మీద పోయి ఇంకొక చోట పని చేయడం ఆ దేశాల చట్టానికి విరుద్ధం. దొంగ పదో తరగతి మెమోతో ఈసీఆర్ ముద్ర తొలగించుకునే వాళ్ళూ ఉన్నారు. అది నేరం. దొరికితే పాస్‌పోర్టూ పోతుంది, కేసూ అవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పది లక్షల బీమాను చేజేతులా వదులుకున్నట్టు అవుతుంది. నిజంగా ఈసీఆర్ వద్దనుకుంటే ఓపెన్ స్కూల్లో పది పాస్ కండి. నిజమైన మెమోకు ఎవరూ అడ్డం చెప్పరు.

యార్డులో పసుపు అమ్మిన రైతు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, చేతికి రాకుండా బయటకు అడుగు పెట్టడు. అదే రైతు కొడుకు పాస్‌పోర్టును, లక్ష రెండు లక్షల రూపాయలను ఒక చిట్టీ ముక్క కూడా లేకుండా సబ్ ఏజెంటు చేతిలో పెడతాడు. ఇది నాకు ఏనాడూ అర్థం కాలేదు. పైసలు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఊళ్ళో చదువుకున్న ఏ పిల్లవాడైనా ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసి పెడతాడు. రాష్ట్ర ప్రభుత్వానికి సొంతంగా టామ్‌కామ్ అనే సంస్థ కూడా ఉంది. విదేశీ ఉద్యోగాలకు పంపేందుకే పెట్టినది. ముందు అక్కడ అడిగి, ఆ తర్వాత ఇంకొకరి గడప తొక్కండి.

అక్కడికి చేరిన తర్వాత కూడా కాగితాల పని అయిపోదు. చాలామంది యజమానులు దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకొని దాచేస్తారు. మన పాస్‌పోర్టు చట్టం 1967 ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. యజమాని అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టాల ప్రకారం కూడా తప్పే. ఎదురు తిరిగి అడగలేని పరిస్థితి ఉంటుందని నాకు తెలుసు. అందుకే విమానం ఎక్కకముందే పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, బీమా కాగితం, వీటి జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, ఫోన్‌లో ఒక సెట్టు ఉంచండి. అకామా గానీ, బతాకా గానీ, అంటే అక్కడి నివాస కార్డు, వచ్చిన రోజే దాని ఫొటో ఇంటికి పంపించండి. భార్యకు భర్త పాస్‌పోర్టు నంబరు తెలిసి ఉండాలి. తల్లికి కొడుకు పని చేసే కంపెనీ పేరు తెలిసి ఉండాలి.

పాస్‌పోర్టు పోయిన మనిషికి, గడువు దాటి ఇరుక్కున్న మనిషికి రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. మనవాళ్ళు ఔట్‌పాస్ అంటారు. ఒక్కసారి ఇంటికి రావడానికే అది పనికొస్తుంది. యూఏఈ 2018లో, మళ్ళీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు మన తెలంగాణ బిడ్డలు ఎందరో ఈ ఔట్‌పాస్‌తోనే ఇల్లు చేరారు. అప్పుడు కూడా పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఉన్నవాళ్ళ పని తొందరగా అయింది. ఏ కాగితమూ లేనివాళ్ళు తాము భారతీయులమని రుజువు చేసుకోవడానికే రోజుల తరబడి తిరిగారు. ఇంటి దగ్గర వాళ్ళు కష్టం చెప్పుకోవడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. అందులో ఫిర్యాదు రాయాలన్నా పాస్‌పోర్టు నంబరు అడుగుతారు.

నోటితో అనడానికి మనసు రాని మాట, అయినా చెప్పాలి. పరాయి దేశంలో ప్రాణం పోతే శవం ఇంటికి రావాలన్నా కాగితమే కావాలి. అక్కడి మరణ ధ్రువపత్రం, మన రాయబార కార్యాలయం అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు లేకుండా పెట్టె విమానం ఎక్కదు. గల్ఫ్‌లో చనిపోయిన వారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇస్తున్న ఐదు లక్షల రూపాయల సాయానికి కూడా ఈ పత్రాలే ఆధారం. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఆ సాయం కోసం విధవరాలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ ప్రసంగం వింటున్న అమ్మలకు, అక్కలకు నా విన్నపం ఒకటే. ఈ రాత్రి బువ్వ తిన్నాక ఇంట్లో ఉన్న కార్డులన్నీ బయటకు తీయండి. చదువు వచ్చిన పిల్లతో పేర్లు, తేదీలు గట్టిగా చదివించండి. తేడా ఉన్నది పక్కన పెట్టి రేపే మీసేవకు పంపండి. గల్ఫ్‌లో ఉన్న మీ మనిషికి ఫోన్ చేసినప్పుడు పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, గడువు ఎప్పటి దాకా ఉంది, అకామా తిరిగి వేయించారా అని అడగండి. కొత్తగా పోతానన్న కొడుకు విజిట్ వీసా మాట ఎత్తితే, ఒప్పందం కాగితం చూపించేదాకా పైసలు ఇవ్వకండి.